పద్యపాఠముల యంత్రశోధనము – అవ్యాప్త్యతివ్యాప్తి విమర్శ

ఒక పదము ఫలానా కవికి పూర్వము కావ్యభాషలో లేదని చెప్పుట సాహసము. ఉన్నదని చెప్పుటకు ఒక్క ప్రయోగము చాలును. లేదని చెప్పుటకు సర్వమును చదివియుండవలెను. మన పూర్వవిమర్శకులు ఈ సాహసమునకు పూనుకొనినపుడు ఏండ్ల తరబడి గ్రంథములు తిరుగవేసి, చీట్లపై ప్రయోగములు వ్రాసికొని, అంతటితో నిలువక, "మాకు కన్పట్టినంతవరకు" అను మాటను ముందుంచుకొని మరి చెప్పుచుండిరి. ఇప్పుడు ఆ మాట జారిపోవుచున్నది. కంప్యూటరులో పద్యపాఠములను చేర్చి, ఒక పదమును వెదకి, "ఫలితములు లేవు" అను వాక్యము తెరపై కనబడగానే దానిని సిద్ధాంతవ్యాసమున ప్రమాణముగా చూపు పద్ధతి పరిశోధకులలో ప్రబలుచున్నది. ఆ "లేవు" అను మాటకు గల ప్రామాణ్యమెంతయో విచారించుటయే ఈ వ్యాసమునకు విషయము.

ఇందులకు నిమిత్తమైన సంగతి యొకటి కలదు. ఇటీవల నేను పరిశీలింపవలసి వచ్చిన ఒక సిద్ధాంతవ్యాసమున, పకారాదియగు ఒక దేశ్యపదము కవిత్రయభారతమున లేదనియు, అది తరువాతి కాలమున వాడుకనుండి కావ్యమున కెక్కినదనియు ఒక అధ్యాయమంతయు నిర్మింపబడియుండెను. ఆ పదము పేరు చెప్పినచో విద్యార్థి యెవరో తెలిసిపోవును గావున చెప్పను. ఆధారమేమని యడుగగా ఆతడు తాను స్వయముగా నిర్మించిన ఒక డేటాబేసును చూపెను. పని శ్రద్ధతో చేసినదే. ఐనను అధ్యాయము నిలువలేదు. ఆ పదము భారతమున నున్నది. వకారాదిగా నొకచోట, బకారాదిగా మరియొకచోట. గసడదవాదేశమును, సరళాదేశమును ఆ విద్యార్థి యెరుగనివాడు కాడు. పరీక్షలో ఆ సూత్రములకు లక్ష్యములు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నవాడే. తానెరిగిన వ్యాకరణమును తాను వ్రాసిన ప్రోగ్రామునకు చెప్పలేదు. అంతే.

అట్టి డేటాబేసును నిర్మించుట కష్టమైన పని కాదు. కష్టమని భయపడి దూరముగా నున్న అధ్యాపకులకొరకు దాని స్వరూపమును సంగ్రహముగా చెప్పుదును. మొదట పద్యములన్నియు ఒక సాదా పాఠపు ఫైలులో నుండవలెను. రెండవది పట్టిక. సమాచారమును అడ్డువరుసలు, నిలువుగడులు గల పట్టికలుగా భావింపవలెనను సిద్ధాంతమును 1970లో ఎడ్గర్ కాడ్ అను గణితవేత్త ప్రతిపాదించెను. నేటి డేటాబేసులలో హెచ్చుభాగము దాని సంతతియే. 2000లో వెలువడిన ఎస్‌క్యూలైట్ అను ఉచితసాధనము ఆ పట్టికలనన్నిటిని ఒక్క ఫైలులో నిముడ్చును. పర్వము, ఆశ్వాసము, పద్యసంఖ్య, ఛందస్సు, పాఠము అని అయిదు గడులు పెట్టినచో మనకు కావలసిన పట్టిక సిద్ధమగును. మూడవది స్క్రిప్టు. ముందుగా యంత్రభాషలోనికి మార్చి పెట్టుకొన నక్కరలేక, వ్రాసినది వ్రాసినట్లే నడపదగిన భాషను స్క్రిప్టు భాష యందురు. 1991లో వెలువడిన పైథాన్, 1995లో వెలువడిన పీహెచ్‌పీ అట్టివి. ఫైలును చదివి పట్టికను నింపుట కొక స్క్రిప్టు. వెబ్ పుటలో వ్రాసిన పదమును గైకొని పట్టికలో వెదకి పద్యములను చూపుట కొక స్క్రిప్టు. రెండును కలిసి నూరు పంక్తులకు మించవు. భారతమునందలి 21,000కు పైబడిన పద్యగద్యములను ఒకటొకటిగా మొదటినుండి తుదివరకు తడవిచూచినను సాధారణమైన కంప్యూటరునకు రెప్పపాటు కాలము చాలును.

ఇంత సులభమగుటయే చిక్కునకు మూలము. పూర్వము ఇట్టి పనికి పూనుకొన్నవారు పని భారముచేతనే ఆలోచింపవలసి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1960 ప్రాంతమున ప్రకటించిన 'నన్నయ పదప్రయోగకోశము' వంటి గ్రంథమును తెరచి చూచినచో, కోశకర్తలు ప్రతిపదమునొద్దను ఆగి, సంధి విడదీసి, ఇది యే పదము అని నిర్ణయించుకొనక ముందుకు సాగియుండరని స్పష్టమగును. పశ్చిమదేశముల కథయు నిట్టిదే. రొబెర్తో బూసా అను ఇటలీదేశపు జెస్యూటు గురువు 1949లో ఐ.బి.ఎం. సంస్థ సాయమును కోరి, థామస్ అక్వినాస్ లాటిను గ్రంథములకు పదసూచిని చిల్లుల కార్డులపై ఆరంభించెను. అది 56 సంపుటములుగా అచ్చగుట 1974లో మొదలై 1980లో ముగిసినది. యంత్రము వేగముగా పని చేయుచుండగా ముప్పది యేండ్లు ఏల పట్టినవి? కోటికి పైబడిన పదరూపములను వాని మూలపదముల క్రిందికి చేర్చుట మనుష్యులు చేయవలసివచ్చినది గనుక.

ఇక దోషవిచారము. లక్షణము చెప్పునపుడు వచ్చు దోషములను మన తార్కికులు మూడుగా విభజించిరి. గోవునకు కపిలవర్ణము లక్షణమన్నచో తెల్లని గోవు విడువబడును; అది అవ్యాప్తి. కొమ్ములుండుట లక్షణమన్నచో ఎనుమును గోవగును, అది అతివ్యాప్తి. ఒంటిగిట్ట యుండుట లక్షణమన్నచో ఒక్క గోవును దొరకదు; అది అసంభవము. వెదకుట యనగా లక్షణము చెప్పుటయే. "ఈ అక్షరములు గల పద్యము" అని మనము యంత్రమునకు లక్షణము చెప్పుచున్నాము. కావున ఈ మూడు దోషములును వెదకుటకు యథాతథముగా పట్టును. వానిలో అసంభవమే తక్కువ హాని గలది. ఏమియు దొరకకున్న నెవనికైనను అనుమానము పుట్టును. అతివ్యాప్తి విసిగించును గాని మోసగింపదు. మోసగించునది అవ్యాప్తి. కొన్ని దొరకును, కొన్ని దొరకవు; దొరకినవానిని చూచి తృప్తి చెంది, దొరకనివి లేవనుకొందుము.

యంత్రమునకు తెలుగక్షరము తెలియదన్న మాటతో ప్రారంభింపవలెను. దానికి తెలిసినవి యూనికోడు సంకేతములు. భారతీయలిపులకు మనదేశమున ఏర్పడిన ఇస్కీ క్రమము ననుసరించి యూనికోడు తెలుగునకును హల్లుల కొక సంకేతము, అచ్చుల కొకటి, గుణింతపు గుర్తుల కొకటి, పొల్లు కొకటి ఇచ్చినది. "స్త్రీ" అనునది మనకు ఒక్క అక్షరము, ఛందస్సున ఒక్క గురువు. యంత్రమునకు అది ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, ఈత్వము. "తెలుగు" మనకు మూడక్షరములు, దానికి ఆరు. ఎన్నవ అక్షరమని ప్రశ్నించి యతిస్థానమును కనుగొనబోయిన వాని పాట్లు ఊహించుకొనవచ్చును.

ఇంతకంటె విపరీతమైనది యొకటి కలదు. పాఠమును పదములుగా విడగొట్టుటకు స్క్రిప్టు భాషలలో సిద్ధముగా నుండు సాధనములను సామాన్యముగా నందరును వాడుదురు. ఇంగ్లీషునకు వ్రాసిన పాఠ్యపుస్తకములన్నియు అట్లే చెప్పును. పైథాన్ భాషతో వచ్చు నమూనా సాధనమున "పదాక్షరము" అను సంజ్ఞలో గుణింతపు గుర్తులు చేరవు. అవి దాని దృష్టిలో అక్షరములు కావు. అక్షరములపై పెట్టిన గుర్తులు మాత్రమే. కావున "తెలుగు" అను పదమును దానికిచ్చినచో త, ల, గ అని మూడు ముక్కలు చేసి యిచ్చును. ఆ ముక్కలతో సూచిని నిర్మించి, అందు "తెలుగు" అను పూర్తిపదమును వెదకినచో ఎన్నటికిని దొరకదు. ఇది శుద్ధమైన అసంభవము. ఎస్‌క్యూలైటులోని పూర్ణపాఠశోధనవిభాగమునను, మనము వేరుగా చెప్పనంతవరకు, ఇదే తీరు. ఐతే అచ్చట పాఠమును, ప్రశ్నయు రెండును ఒకేరీతిగా చీలిపోవుటచే ఫలితము తలక్రిందులగును: "తెలుగు" అని వెదకిన "తొలఁగు" దొరకును, "రామ" అని వెదకిన "రోమ" దొరకును. గుణింతము నెరుగని పంతులు పిల్లల పలకలను దిద్దినట్లుండును. గుణింతపు గుర్తులను కూడ పదభాగములుగా గ్రహింపుమని ఒక్క మాట చేర్చినచో ఈ దోషము తొలగును. ఆ మాట చేర్పవలెనని తెలియవలెను గదా!

ఒకే అక్షరమును రెండు రీతుల వ్రాయ వీలగుట మరియొక చిక్కు. ఐత్వమునకు ఒక సంకేతము కలదు. ఎత్వమును దానిక్రింది గుర్తును వేర్వేరుగా చేర్చియు అదే రూపమును తేవచ్చును. కంటికి భేదము లేదు, యంత్రమునకు అవి వేరు. దీనికి యూనికోడు వారే సమీకరణవిధానము నేర్పరచిరి. స్క్రిప్టులో అది ఒక్క పంక్తి. "ఆంధ్రప్రదేశ్‌లో" అను పదమున శకారపు పొల్లును నిలుపుటకు మధ్య కంటికి కనబడని ఒక సంకేతము నుంతుము. ఒకరుంచి యొకరుంచకున్న రెండు పదములగును. ఇక యూనికోడు వ్యాప్తికి రాకముందు ఒక్కొక్క ఫాంటునకు ఒక్కొక్క సంకేతక్రమముతో అచ్చునకు కూర్చిన గ్రంథములను మార్చి తెచ్చుకొన్నవారు, ఒత్తులు తారుమారైన పాఠమును ముందు చేతితో దిద్దుకొనక తప్పదు.

ఇంతవరకు చెప్పినవి యంత్రదోషములు. ఎవరైనను దిద్దవచ్చును. ఇక మీద చెప్పబోవునవి తెలుగు చదివినవారు మాత్రమే దిద్దదగినవి.

అరసున్నను, శకటరేఫమును గైకొందము. ప్రాచీనకావ్యముల మంచి ముద్రణములలో ఇవి రెండును పాటింపబడియున్నవి. వెదకువాడు నేటి వ్రాతకు అలవడినవాడగుటచే "వాడు" అని వ్రాయును; పాఠమున "వాఁడు" అని యుండును. ఫలితము శూన్యము. అందుచే వెదకుటకు ముందు అరసున్నను తీసివేసి, శకటరేఫమును రేఫముగా మార్చి, ఇరుపక్షములను సమానము చేయుట యుక్తమని తోచును. యుక్తమే. కాని దానివలన "ఏఁడు" అను సంవత్సరమును "ఏడు" అను సంఖ్యయు నొకటగును. వెచ్చజేయు "కాఁచు" రక్షించు "కాచు"తో కలియును. భిన్నమను నర్థము గల "వేఱు" చెట్టువేరుతో పెనవైచుకొనును. అన్నిటికంటె ముఖ్యముగా, రేఫశకటరేఫముల సాంకర్యమునే పరిశోధింపదలచినవానికి ఆ డేటాబేసు నిరుపయోగమగును. ఈ రెంటికి ప్రాసమునందు సాంకర్యము కూడదని లాక్షణికులు చెప్పిరి. అప్పకవి 1656లో ఆరంభించిన తన గ్రంథమున శకటరేఫపదములను పట్టికగా చెప్పుటకు పూనుకొనెనన్నచో, అప్పటికే కవులకు ఆ భేదము చెవికి గాక పుస్తకమునకు సంబంధించినదైనదని ఊహింపవచ్చును. ఈ చరిత్రను తేల్చుటకు యంత్రముకంటె మంచి సాధనము లేదు. ఆ సాధనమును చేతబట్టుకొనుటకు పూర్వమే, వెదకుట సులభమగునని, సాక్ష్యమును చెరిపివేయుదుమా?

దీనికి పరిష్కారము పాఠమును రెండు గడులలో నుంచుట. ఒకటి యథాపాఠము, ముద్రణమున నున్నదున్నట్లు, అరసున్నతో శకటరేఫముతో సహా. రెండవది శోధనపాఠము, స్క్రిప్టు దానినుండి తయారుచేసినది. వెదకునది రెండవదానియందు, చూపునది మొదటిది. కావలసినవానికి మొదటిదానియందే వెదకు వీలుండవలెను. ఇంత చిన్న ఏర్పాటు లేక, పాఠమును చేర్చునపుడే అరసున్నలను తొలగించిన డేటాబేసులను నేను చూచితిని. తాటియాకునుండి పాఠమును ఎత్తి వ్రాసికొని ఆ తాటియాకును పొయ్యిలో పెట్టుట యెట్టిదో ఇదియు నట్టిదే.

సంధి అన్నిటికంటె పెద్ద విషయము. "అతడు" అని వెదకితిమనుకొందము. పాఠమున "రాజతడు" అని యున్నది. చదువరికి ఇందు అతడున్నాడు. యంత్రమునకు లేడు. ఏలయన పదాదియందలి అకారమునకు యూనికోడున నొక సంకేతము కలదు గాని, జకారమున నిమిడిన అకారమునకు సంకేతమే లేదు. అది హల్లుతో సహజముగా నుండునని భావింపబడినది. అట్లే పదాదియందలి ఇకారమునకు ఒక సంకేతము, హల్లుమీది గుడికి వేరొక సంకేతము. ఒకే స్వరమునకు రెండు వేషములు, అకారమునకైతే రెండవ వేషము అదృశ్యము. తెలుగున స్వరసంధి జరిగిన ప్రతిచోటను పరపదము మొదటి అచ్చు ఈ వేషము మార్చుకొనును. కావున అచ్చుతో మొదలగు ఏ పదమునైనను లిపిరూపమున వెదకుట యనగా, సంధి జరిగిన ప్రయోగములనన్నిటిని విడిచిపెట్టుటయే. పద్యకావ్యములలో అట్టి ప్రయోగములే హెచ్చుగదా!

విరుగుడు మన వ్యాకరణపాఠముల మొదటి పుటలలోనే యున్నది. దాని పేరు వర్ణవిభాగము. "రాజతడు" అను పదమును ర్, ఆ, జ్, అ, త్, అ, డ్, ఉ అని విడదీయుట. దీనిని స్క్రిప్టుతో చేయించుట ముప్పది నలువది పంక్తుల పని. ప్రతి హల్లును చూచి, దాని తరువాత గుణింతపు గుర్తున్న దానికి సరియైన అచ్చును వ్రాయుము; పొల్లున్న నేమియు వ్రాయకుము; రెండును లేకున్న అకారమును వ్రాయుము. హల్లుకు హల్లక్షరమునే గుర్తుగా నుంచుకొన్నచో "రాజతడు" అనునది శోధనపాఠమున "రఆజఅతఅడఉ" అగును. వెదకు పదమైన "అతడు" అదే రీతిని "అతఅడఉ" అగును. రెండవది మొదటిదానిలో నున్నది; ఇప్పుడు యంత్రము దానిని చూడగలదు. యడాగమము వచ్చిన "మాయమ్మ"లో అమ్మయు, ఇకారము లోపించిన "ఏమంటివి"లో అంటివియు ఇట్లే కనబడును. పూర్వపదము తుది యచ్చు లోపించుట రెండవ పక్షము: "రాముడెక్కడ" అనుచో "రాముడు" అను పదము ఉకారమును కోల్పోయినది. కావున వెదకు పదమునకు తుది యచ్చును విడిచి "రఆమఉడ" అని వెదకవలెను. చూచుటకు వికారముగా నుండు ఈ వర్ణపంక్తిని చదువరికి చూపబనిలేదు. అది యంత్రము చదువుకొనుటకు వ్రాసికొన్న చీటి.

ఇచ్చట ఒక చిన్న విశేషము. 1990 దశకమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగువారు, తెలుగును ఇంగ్లీషు అక్షరములతో వ్రాయుటకు ఒక లిప్యంతరీకరణపద్ధతి నేర్పరచిరి. అప్పటి యంత్రములపై తెలుగులిపి కనబడుట దుర్లభము గనుక అది అవసరమునకు పుట్టినది. లిపి చక్కబడిన పిమ్మట అక్షరకూర్పునకే పరిమితమైనది. కాని ఆ పద్ధతిని వ్రాసిన పాఠమున అచ్చు ఎచ్చటనున్నను ఒకే గుర్తుతో నుండును; అకారము అదృశ్యము కాదు. అనగా అందు వర్ణవిభాగము తనంత తానే జరిగియున్నది. సంధిలోని పదమును వెదకుటకు, చూడ ముచ్చటయైన నేటి తెలుగు పాఠముకంటె, ఆ కంటికింపు గాని ఇంగ్లీషుపాఠమే మేలైన సాధనమయ్యెను!

పరుషసరళముల మార్పును ప్రశ్నవైపునుండి సరిచేయవచ్చును. "కరి" అను పదము "వచ్చెను" తరువాత నున్నచో "వచ్చెఁ గరి" యగును. కావున కకారాదిపదమును గకారాదిగా గూడ వెదకుమని స్క్రిప్టునకు చెప్పవలెను. చకారమునకు జకారసకారములు, టకారమునకు డకారము, తకారమునకు దకారము, పకారమునకు బకారవకారములు. చిన్నయసూరి సూత్రములు రెండింటిని అయిదు పంక్తుల పట్టికగా వ్రాసినచో చాలును. పైని చెప్పిన విద్యార్థి అధ్యాయమును కూల్చినది ఈ అయిదు పంక్తుల లోపమే.

పాదాంతమును గూర్చియు చెప్పవలెను. ఇది పలువురు గమనింపనిది. తెలుగు వృత్తములలో పదము పాదమును దాటి మరుసటి పాదమున ముగియుట సర్వసాధారణము. పద్యమును పాదమునకొక పంక్తిగా చేర్చినచో, అట్లు విరిగిన పదము యంత్రమునకు రెండు ముక్కలై యెన్నటికిని దొరకదు. ముద్రాపకుల పదచ్ఛేదము మరియొక చిక్కు. ఒకరు కలిపి యచ్చువేసినది మరియొకరు విడదీసి వేయుదురు. కావున శోధనపాఠమున పంక్తివిరుపులను, పదముల నడిమి ఎడములను పూర్తిగా తీసివేసి, పద్యమునంతయు నొక్క వర్ణమాలికగా చేయుట మేలని నా యభిప్రాయము.

అట్లు చేసినచో అతివ్యాప్తి ముంచుకొని వచ్చును. "పలుక లహరి" అను రెండు పదముల నడుమ "కలహ" పుట్టును. "అరి" అని వెదకినవానికి కరియు, హరియు, గిరి తప్ప మిగిలిన సమస్తమును ఎదురువచ్చును. ఇది దోషమే గాని, మనకు చూపి మరి చేయు దోషము. పద్యమును చదివి కాదని తోసివేయవచ్చును. చదువుట మన వృత్తి. అవ్యాప్తికి అట్టి మందు లేదు, చూపనిదానిని చదువలేము. అందుచే రెండింటిలో నొకటి తప్పనిచోట అతివ్యాప్తివైపే మొగ్గవలెనని చెప్పుచున్నాను. వ్యాపారమునకు డేటాబేసులు నిర్మించువారి నీతి దీనికి సరిగా వ్యతిరేకము. వారికి మొదటి పది ఫలితములు చక్కగా నుండిన చాలును. మనకు కావలసినది చిట్టచివరి ప్రయోగము.

ఇంత చేసినను మిగులునవి కలవు. "దేవేంద్ర" శబ్దమున "ఇంద్ర" శబ్దము వర్ణవిభాగమునకును చిక్కదు. గుణసంధిలో రెండచ్చులును రూపు మారినవి. వృద్ధిసంధియందును అంతే. వీనికిని ప్రత్యామ్నాయరూపములు కల్పింపవచ్చును గాని, కల్పించినకొలది ఫలితములు పెరిగి చదువుట అసాధ్యమగును. ఎచ్చట నిలుపవలెననుట పరిశోధకుని యవసరమునుబట్టి యుండును. దేశ్యపదములను వెదకువానికి ఈ సంస్కృతసంధులతో పని తక్కువ.

పై నిర్ణయములన్నియు పరిష్కర్త చేయునవే యని గమనింపవలెను. ఏ ప్రతిని గైకొనవలెను, ఏ వర్ణభేదమును పాటింపవలెను, ఎచ్చట పదమును విరువవలెను అనునవి గ్రంథపరిష్కరణమునకు చెందిన ప్రశ్నలు. పరిష్కర్త వానిని పీఠికలో చెప్పుకొనును, మనము ఒప్పుకొందుము లేదా ఖండింతుము. స్క్రిప్టు వ్రాసినవాడు వానినే చేసి పీఠిక వ్రాయడు; పలుమారు తాను నిర్ణయము చేసితినని కూడ ఎరుగడు. పట్టికలో "ముద్రణము" అను గడియే లేని డేటాబేసులు కలవు. వావిళ్లవారి ముద్రణమా, ఉస్మానియా విశ్వవిద్యాలయము వారి సంశోధితముద్రణమా యని తెలియని పాఠమున "ఈ పదము లేదు" అని చెప్పుటకు అర్థమేమి? పాఠాంతరములకు వేరొక పట్టిక నుంచి, పద్యసంఖ్యతో దానిని ముడివేయుట కష్టము కాదు; కాడ్ సిద్ధాంతము పుట్టినదే అట్టి ముడులకొరకు. షికాగో విశ్వవిద్యాలయము వారు బ్రౌను దొర నిఘంటువు 1903నాటి ముద్రణమును వెతుకుటకు వీలుగా నుంచినపుడు, ప్రతిపదము చెంతను అచ్చుపుస్తకపు పుటసంఖ్యను చూపు మర్యాదను పాటించిరి. దానివలన చదువరి మూలమునకు పోయి సరిచూచుకొనగలడు.

సాంకేతికమైన జాగ్రత్త యొకటి మాత్రము చెప్పి ముగింతును. చదువరి వ్రాసిన పదమును డేటాబేసునకిచ్చు ఆజ్ఞావాక్యములో కలిపి కుట్టరాదు. దుష్టుడొకడు పదమునకు బదులు ఆజ్ఞనే వ్రాసి పట్టికను చెరుపగలడు. ఆజ్ఞలో ప్రశ్నార్థకచిహ్నము నుంచి, పదమును వేరుగా అందింపవలెను. ఏ పాఠ్యపుస్తకమునైనను ఇది కలదు.

ఇన్ని యిక్కట్లేల, మహాసంస్థల శోధనయంత్రములు లోకమునంతయు వెదకి యిచ్చుచుండగా అని యడుగువారు కలరు. అవి సంధి విషయమున నేమి చేయునో, ఏ పదమును దేనితో సమానము చేయునో మనకు చెప్పవు. నేడిచ్చిన ఫలితము రేపీయవు. చెప్పని విధానమును సిద్ధాంతవ్యాసమున ప్రమాణముగా నుదాహరించుటకు వీలు లేదు. నూరు పంక్తుల స్క్రిప్టునైతే వ్యాసమునకు అనుబంధముగా అచ్చువేయవచ్చును. పరీక్షకుడు దానిని చదివి, ఇచ్చట తప్పినావని వ్రేలు పెట్టి చూపవచ్చును. నేను ఆ విద్యార్థి తప్పును పట్టగలిగినది అతడు తన స్క్రిప్టును దాచకపోవుటచేతనే.

ఆ యధ్యాయమును అతడు తిరిగి వ్రాసెను. పదము క్రొత్తదికాదని తేలిన పిమ్మట, అది యే సంధిస్థానములలో వకారాదిగా వచ్చుచున్నది, ఎచ్చట పకారమును నిలుపుకొన్నది యను ప్రశ్న పుట్టినది. ముగ్గురు కవుల ప్రయోగములను విడివిడిగా చూచుటకు పట్టికలో "కవి" అను ఆరవ గడి చేర్చెను. అరణ్యపర్వశేషమును నన్నయకు గాక ఎఱ్ఱనకు చేర్చుటకై ఆ పర్వమున ఏ పద్యమునొద్ద గీత గీయవలెనని నన్నడుగవచ్చినపుడు, స్క్రిప్టును ప్రక్కనబెట్టి ఇరువురమును పుస్తకమును తెరచితిమి.